పసుపు లైటు ఊరికే వెలగదు

డిసెంబరు మొదటి వారం. ఆ చలికాలానికి అదే మొదటి మంచు. సాయంత్రం మా అమ్మాయిని క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. మా ఇంటికి రెండు వీధుల ఇవతల చిన్న దిగుడు ఉంటుంది, దాని కింద స్టాప్ సైను. రోజూ ఆగే చోటే. రోజూ నొక్కినట్టే బ్రేకు నొక్కాను. చక్రాలు బిగుసుకుపోయాయి కానీ బండి జారుతూనే ఉంది. కుడివైపు ఖాళీ ఉంది కదా అని స్టీరింగు తిప్పాను. చక్రాలు తిరిగినట్టు చేతికి తెలుస్తోంది, బండి మాత్రం సబ్బు నీళ్ళ మీద పీట జారినట్టు తిన్నగా పోయింది. స్టాప్ సైను దాటింది, అడ్డరోడ్డు దాటింది, అవతలి గట్టున పోగేసిన మంచులో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఆ క్షణాన అడ్డంగా ఎవరూ రాలేదు. అంతే, అదొక్కటే అదృష్టం.

కాసేపటికి మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వు స్టీరింగు తిప్పావు కదా! మరి కారెందుకు తిరగలేదు?"

దాని ప్రశ్నకు జవాబు నా కళ్ళ ముందే ఆరు వారాలుగా వెలుగుతోంది. స్పీడు చూపించే ముల్లు పక్కన, పసుపు రంగులో, గుండ్రటి గీతల మధ్య 'ఏబీఎస్' అని మూడు అక్షరాలు. బ్రేకు పడుతోంది కదా, వచ్చే నెల చూపిద్దాంలే అనుకుంటూ తిరిగాను. 2004 మోడలు బండి, మూడు వేల డాలర్లు కూడా చేయదు. దాని మీద ఖర్చు పెట్టాలంటే ఎవరికైనా చేయి రాదు. కానీ మిషిగన్‌లో పద్నాలుగేళ్ళ తొమ్మిది నెలలకే పిల్లలు లెర్నర్ లైసెన్సు తీసుకోవచ్చు. మా అమ్మాయి అప్పటికే తీసుకుంది. ఇంకో ఏడాదికి ఆ బండి దాని చేతికే వెళుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదీ.

ఈ నెల మన శీర్షికలో ఆ లైటు గురించే మాట్లాడుకుందాం. మీ ఇంట్లోనూ ఒక పాత బండి ఉండే ఉంటుంది. పిల్లల్ని దింపడానికి, కూరగాయలకి, గుడికి మనం తీసేది సాధారణంగా ఆ పాతదే.

ఏబీఎస్ ఏం చేస్తుంది?

చక్రం దొర్లుతున్నంతసేపే మనం తిప్పినవైపు వెళుతుంది. దొర్లకుండా బిగుసుకుపోతే అది చక్రం కాదు, రబ్బరు దిమ్మ. ఎటు తిప్పినా బండి పోతున్నవైపే జారుతుంది. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే. ఏబీఎస్ పని చక్రాన్ని బిగుసుకుపోనివ్వకుండా చూడడం.

ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సరు ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ళ చక్రం లాంటి రింగును అది గమనిస్తూ, ఈ చక్రం ఇంత వేగంతో తిరుగుతోందని కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. మనం గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం హఠాత్తుగా ఆగిపోబోతుంటే, కంప్యూటరు ఆ ఒక్క చక్రానికి వెళ్ళే బ్రేకు ఒత్తిడిని క్షణం తగ్గించి మళ్ళీ పెంచుతుంది. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. అప్పుడే కాలి కింద పెడలు దడదడలాడుతుంది, గరగరమని చప్పుడు వస్తుంది. చాలామంది ఆ చప్పుడుకు బెదిరి కాలు తీసేస్తారు. తీయకూడదు. అది పని చేస్తున్న చప్పుడు.

ఇప్పటి తరహా ఏబీఎస్‌ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లతో మొదలుపెట్టింది. అమెరికాలో 2011 సెప్టెంబరు తర్వాత తయారైన ప్రతి కారుకూ బండి పక్కకు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. అది ఏబీఎస్ సెన్సర్ల మీదే ఆధారపడుతుంది. అందుకే కొంచెం కొత్త బండ్లలో ఒక్క సెన్సరు పాడైతే రెండు మూడు లైట్లు కలిసి వెలిగి కంగారు పెడతాయి. మూలం ఒకటే కావచ్చు.

పసుపు వేరు, ఎరుపు వేరు

తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. కంప్యూటరు తనను తాను పరీక్షించుకునే సమయమది. ఆరకపోయినా, దారిలో మళ్ళీ వెలిగినా, ఏబీఎస్ తనంతట తాను పక్కకు తప్పుకుందని అర్థం. మామూలు బ్రేకు మాత్రం పని చేస్తూనే ఉంటుంది. అందుకే మనకి ఏ తేడా తెలియదు. పొడి రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి నెలల తరబడి తెలియకపోవచ్చు. తెలిసేది వానలోనో మంచులోనో, ఎవరైనా హఠాత్తుగా అడ్డం వచ్చినప్పుడో.

ఎర్ర బ్రేకు లైటు కథ వేరు. ముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా వెలుగుతుంటే, లేదా ఎరుపూ పసుపూ కలిసి వెలిగితే, లేదా పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంటే బండి నడపకండి. పక్కకు ఆపి టో చేయించండి. అక్కడ పాడైంది ఏబీఎస్ ఒక్కటే కాకపోవచ్చు.

చేతికి మసి అంటకుండా చూడగలిగేవి

మొదట బానెట్ ఎత్తి బ్రేకు ఫ్లూయిడ్ డబ్బా చూడండి. దాని మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలుంటాయి. కింది గీతకు దగ్గరగా ఉంటే ఎక్కడో లీకయినా ఉండాలి, బ్రేకు ప్యాడ్లయినా అరిగి ఉండాలి. ఊరికే పోసేసి మూత పెడితే ఆ సంగతి కప్పిపెట్టినట్టే. మూత మీద రాసిన రకం ఫ్లూయిడే పోయాలి. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

రెండోది ఫ్యూజు. బండి పుస్తకంలో ఏబీఎస్ ఫ్యూజు ఎక్కడుందో బొమ్మతో సహా ఉంటుంది. మాడిపోతే అదే ఆంపియర్లది వేయాలి. మళ్ళీ మాడితే ఆగిపోండి, ఎక్కడో వైరు షార్టవుతోంది. అంతకంటే పెద్ద ఫ్యూజు ఎప్పుడూ వేయకూడదు.

మూడోది బ్యాటరీ. ఓల్టేజి తగ్గితే ఏబీఎస్ కంప్యూటరుకు ముందు తెలుస్తుంది. చలి ఉదయాల్లో ఇంజను ములుగుతూ లేచి, ఆ లైటు వెలిగి, కాసేపటికి తాళం తీసి వేస్తే పోతుంటే ముందు బ్యాటరీని, ఆల్టర్నేటరును పరీక్ష చేయించండి.

నాలుగోది టైర్లు. ఒక చక్రానికి వేరే సైజు టైరు ఉంటే, లేదా చిన్న స్పేరు టైరుతో నడుపుతుంటే ఆ చక్రం వేగం మిగతావాటితో కలవదు. కంప్యూటరు అదొక లోపమనుకుంటుంది.

కోడు చెప్పేదెంత?

అమెరికాలో 1996 మోడలు నుంచి ప్రతి కారుకూ స్టీరింగు కింద ఓబీడీ సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించి కోడు చదివే పరికరం దొరుకుతుంది. కానీ ఇరవై డాలర్ల పరికరాలు ఎక్కువగా ఇంజను కోడ్లనే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు 'సి' అక్షరంతో మొదలవుతాయి. కొనేముందు డబ్బా మీద ఏబీఎస్ చదువుతుందని, మీ బండికి పని చేస్తుందని రాసి ఉందో లేదో చూడండి.

నేను ముందు షాపుకే వెళ్ళాను. అరగంట తర్వాత కౌంటరు దగ్గరి మనిషి, "ఏబీఎస్ మాడ్యూల్ పోయింది, 1,450 డాలర్లవుతుంది" అన్నాడు. ఏ కోడు వచ్చిందని అడిగితే, చెప్పినా నాకర్థం కాదన్నట్టు నవ్వాడు. మోసం చేశాడని నేననను. పరీక్షించకుండా ఊహించాడు, అంతే. ఆ ఊహకు మనం పెట్టే ఖరీదు ఒకటిన్నర వేలు. తాళాలు తీసుకుని ఇంటికొచ్చి, ఏబీఎస్ చదివే పరికరం 85 డాలర్లకు తెప్పించాను.

కోడు సి0035 వచ్చింది. చాలా బండ్లలో దానర్థం ఎడమ ముందు చక్రం సెన్సరు సర్క్యూట్. అదే వరుసలో సి0040 కుడి ముందు, సి0045 ఎడమ వెనక, సి0050 కుడి వెనక. కొన్ని కంపెనీల అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి మీ మోడలుకు సరిచూసుకోవాలి. ఇక్కడ గుర్తుంచుకోవలసిన మాట 'సర్క్యూట్'. సెన్సరు పోయిందని కోడు చెప్పడం లేదు. ఆ చక్రం నుంచి కంప్యూటరు దాకా ఉన్న దారిలో ఎక్కడో తెగిందని చెబుతోంది. అది సెన్సరు కావచ్చు, వైరు కావచ్చు, ప్లగ్గు కావచ్చు, రింగు కావచ్చు. వీధి పేరు తెలిసింది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

మరునాడు ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో నేను నెమ్మదిగా నడుపుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని పరికరంలో నాలుగు చక్రాల వేగాలూ చదివింది. నడిపేవాళ్ళు ఆ తెర చూడకూడదు. "పదిహేను, పదిహేను, పదిహేను, సున్నా." ఎడమ ముందు చక్రం సున్నా. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అక్టోబరులో ఆ లైటు మొదట్లో గరాజు నుంచి కుడివైపు తిప్పినప్పుడే వెలిగేది, తిన్నగా వెళితే ఆరిపోయేది. చక్రంతో పాటు కదిలే వైరు ఎక్కడో విరుగుతోందని అప్పుడే చెబుతోంది. నేను వినలేదు.

చక్రం విప్పాక

ఇక్కడ జాగ్రత్త కొంచెం ఎక్కువే చెబుతాను. నేల సమతలంగా ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. నట్లు బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. జాకీతో ఎత్తాక కచ్చితంగా స్టాండు పెట్టాలి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి చేయి కూడా పెట్టకండి.

చక్రం తీయగానే కనబడింది. సెన్సరు వైరును పట్టి ఉంచే క్లిప్పు తుప్పు పట్టి విరిగిపోయింది. రోడ్ల మీద చల్లే ఉప్పు చేసే పనే అది. ఊగులాడిన వైరు స్ప్రింగు పక్కన ఉన్న రేకు అంచుకు రాసుకుని, పైతొడుగు చీలి, లోపలి రాగి పచ్చగా మారింది.

కళ్ళతో చూసింది మీటరుతో రుజువు చేసుకోవాలి. మా బండిలో ఉన్నవి పాత రకం, రెండు వైర్ల సెన్సర్లు. ప్లగ్గు విప్పి ఓమ్‌లు చూస్తే బాగున్న కుడివైపుది 1,080 చూపించింది. ఎడమవైపు ఏ అంకే రాలేదు, అంటే దారి తెగింది. అంకె ఎంతుండాలో తెలియకపోయినా ఫరవాలేదు, బాగున్న చక్రంతో పోల్చుకుంటే సరిపోతుంది. ఒక హెచ్చరిక: కొత్త బండ్లలో ఎక్కువగా ఉండేవి కరెంటు తీసుకుని పని చేసే రకం సెన్సర్లు. వాటికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు, పైగా చెడిపోవచ్చు కూడా. మీ బండిది ఏ రకమో ముందు తెలుసుకోండి.

సెన్సరు, వైరు కలిపి ఒకే ముక్కగా 42 డాలర్లకు దొరికింది. పట్టి ఉంచేది ఒకే ఒక్క 10 మిల్లీమీటర్ల బోల్టు. అది వచ్చేసింది గానీ సెన్సరు తుప్పులో పాతుకుపోయి కదల్లేదు. సుత్తితో కొడితే తల విరిగి ముక్క లోపల ఉండిపోతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. మరునాడు ఇటూ అటూ కొద్దికొద్దిగా తిప్పితే బయటికొచ్చింది. ఆ రంధ్రం చుట్టూ ఉన్న తుప్పు గరుకు కాగితంతో శుభ్రం చేసి, కొత్తది పెట్టి, వైరును పాతదారిలోనే కొత్త క్లిప్పులతో బిగించాను. చక్రం తొడిగే ముందు స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరిదాకా తిప్పి వైరు ఎక్కడా లాగబడటం లేదని, దేనికీ రాసుకోవడం లేదని చూశాను. చక్రం తొడిగి, నట్లు ఎదురెదురువి వరసగా బిగించి, బండి దించాక పుస్తకంలో చెప్పినంత బలంతో టార్క్ పానాతో చివరి బిగింపు బిగించాను. కోడు చెరిపి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం. లైటు ఆరిపోయింది. కొన్ని బండ్లలో కాస్త వేగంతో నడిపి, చక్రాలన్నీ సరిగా ఉన్నాయని కంప్యూటరు చూసుకున్నాకే ఆరుతుంది. వెంటనే ఆరలేదని కంగారు పడకండి.

పరికరం 85, సెన్సరు 42, నూనె 8. మొత్తం 135 డాలర్లు, రెండు సాయంత్రాలు.

అన్నీ ఇంత తేలిగ్గా ఉండవు

చక్రంలో ఊఁ అనే శబ్దం వేగంతో పాటు పెరుగుతూ, ఏబీఎస్ లైటు కూడా వెలుగుతుంటే బేరింగు పోయి ఉండవచ్చు. చాలా బండ్లలో సెన్సరు గానీ రింగు గానీ బేరింగుతో కలిసే ఉంటుంది. పొడి రోడ్డు మీద నెమ్మదిగా ఆగబోతుండగా చివరి క్షణంలో పెడలు దడదడలాడితే సెన్సరు కింద తుప్పు పేరుకుని దాన్ని రింగు నుంచి దూరంగా ఎత్తిందేమో, లేదా రింగు చిట్లిందేమో చూడాలి. కంప్యూటరుకు చక్రం ఆగిపోయినట్టు తప్పుడు కబురు వెళ్ళి బ్రేకు వదిలేస్తుంది. ఇది లైటు కంటే ప్రమాదం, ఎందుకంటే ఆగాల్సిన చోట బండి ఆగదు. 2005లో జనరల్ మోటార్స్ 1999 నుంచి 2002 మోడళ్ళ కొన్ని పికప్ ట్రక్కులను, ఎస్‌యూవీలను ఉప్పు చల్లే రాష్ట్రాల్లో సరిగ్గా ఈ తుప్పు కారణంగానే వెనక్కి పిలిచింది. మీ బండికి అలాంటి రీకాల్ ఏమైనా ఉందేమో, ముందు అద్దం కింది మూలన కనిపించే 17 అక్షరాల విన్ నంబరుతో రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. రీకాల్ ఉంటే సాధారణంగా రిపేరు డబ్బులు మీరు పెట్టనక్కరలేదు.

నాలుగు చక్రాల కోడ్లూ ఒక్కసారే వస్తే నాలుగు సెన్సర్లూ ఒకేరోజు పోవు కదా! ఫ్యూజు, ఎర్త్ వైరు, అవన్నీ బాగుంటే అప్పుడు మాడ్యూల్. అలాగే బ్రేకు పైపులు విప్పే పని ఏదైనా అనుభవమున్న మెకానిక్కే చేయాలి. ఏబీఎస్ పంపులో గాలి చేరితే దాన్ని తీయడానికి చాలా బండ్లకు ప్రత్యేక పరికరం కావాలి.

షాపుకు వెళ్ళినప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఏ కోడు వచ్చింది? ఆ భాగమే పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారు? పాత భాగం నాకు తిరిగి ఇస్తారా? మా మిషిగన్‌లో ఒక మొత్తం దాటిన రిపేరుకు ముందుగా రాతపూర్వక ఎస్టిమేట్ ఇవ్వాలని, మార్చిన భాగాలు అడిగితే కొన్ని మినహాయింపులతో తిరిగివ్వాలని చట్టమే ఉంది. మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. యూకేలో ఉన్నవాళ్ళకి వాయిదా వేసే వీలే లేదు. ఏబీఎస్ లైటు వెలుగుతుంటే ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో బండి ఫెయిలవుతుంది.

పాత బండి కొంటున్నవాళ్ళకి, ముఖ్యంగా కొత్తగా చదువుకోడానికి వచ్చిన పిల్లలకి ఒక మాట. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు అసలు వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయిందో, ఎవరైనా తీసేశారో. వెలిగి ఆరేదే మంచి బండి.

టార్చిలైటు

మా చిన్నప్పుడు నాన్న స్కూటరు బాగుచేసుకుంటుంటే అన్నయ్య పానాలందించేవాడు. నా పని టార్చిలైటు పట్టుకోవడం. వెలుగు పక్కకు పోతే కసురుకునేవారు. ఏ నట్టు ఎందుకు విప్పుతున్నారో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ సాయంత్రం గరాజులో మా అమ్మాయి టార్చి పట్టుకుని నిలబడితే నాకదే గుర్తొచ్చింది. టార్చిని జాక్ స్టాండుకు ఆనించి పెట్టి, పానా దాని చేతిలో పెట్టాను. ఆ 10 మిల్లీమీటర్ల బోల్టు బిగించింది అదే.

మళ్ళీ మంచు పడిన ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేని పెద్ద పార్కింగ్ స్థలానికి వెళ్ళాం. ఈసారి స్టీరింగు దగ్గర అది, పక్కన నేను. ఇరవై మైళ్ళ వేగానికి వచ్చాక, "గట్టిగా నొక్కు, కాలు తీయకు, వెళ్ళాల్సిన వైపు చూస్తూ తిప్పు" అన్నాను. పెడలు దడదడలాడింది. "అమ్మా, విరిగిపోతోంది!" అని అరిచింది గానీ కాలు తీయలేదు. బండి జారుతూనే కుడివైపు తిరిగింది. గుల్లగా పడిన మంచులో ఏబీఎస్ ఉన్నా ఆగడానికి ఎక్కువ దూరమే పట్టవచ్చు, అందుకని ముందు బండికి ఎప్పుడూ దూరంగానే ఉండాలని దానికి చెప్పాను. అది వినే స్థితిలో లేదు. "ఇంకోసారి" అంది. ఆరుసార్లు చేయించాను.

రేపు పొద్దున తాళం తిప్పినప్పుడు ఒక్క ఐదు సెకన్లు ఆగి, ఏయే లైట్లు వెలిగాయో, ఏవి ఆరాయో చూడండి. ఆరనిది ఏదైనా ఉంటే వచ్చే నెలకు వాయిదా వేయకండి. వచ్చే నెల మనం చలికి మొండికేసే బ్యాటరీల సంగతి చూద్దాం.